పర్లాకిమిడి దాటితే టిబెట్: పిల్లలతో జిరంగ, చంద్రగిరి

శ్రీకాకుళం వైపు నుంచి పిల్లల్ని తీసుకుని ఒడిశాలో టిబెటన్లుండే జిరంగ వెళ్దామనుకునేవాళ్లకి ముందే ఒక మాట చెప్పేస్తాను. మఠం ఒక్కటీ చూసి, నాలుగు ఫొటోలు దిగి, ప్లేటు మోమోలు తిని సాయంత్రానికి ఇంటికొచ్చేద్దామనుకుంటే అంత దూరం ఘాటీ రోడ్లో ఒళ్లు హూనం చేసుకోనక్కర్లేదు. మోమోలు ఇప్పుడు మన శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కలా దొరుకుతున్నాయి. అదే ఒక రాత్రి అక్కడ ఉండి, ఎవరో ఒకరింట్లో కూర్చుని, పిల్లల్ని అడిగేవి అడగనిస్తే మాత్రం ఆ ఖర్చు దండగ కాదు. పాస్‌పోర్టు లేకుండా ఇంకో దేశపు మనుషులు ఎలా వండుకుంటారో, ఎలా మొక్కుకుంటారో, ఏం కట్టుకుంటారో చూపించడానికి మనకి ఇంత దగ్గర్లో అంతకన్నా మంచి చోటు నాకైతే తెలీదు.

నాది ఆమదాలవలసలో బ్లౌజులు, డ్రెస్సులు కుట్టే షాపు. అంచేత నా కళ్లు ముందు బట్టల మీదకే పోతాయి. ఈ రాతలోనూ అదే కనబడుతుంది, ఏమీ అనుకోకండి.

తెలీనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఒడిశాలో గజపతి జిల్లా, మోహన దగ్గర చంద్రగిరి చుట్టూ కొండల మధ్య టిబెటన్ల ఊళ్లు కొన్నున్నాయి. వాటిని క్యాంపులంటారు, నంబర్లతో పిలుస్తారు. 1959లో దలైలామా లాసా వదిలేసి ఇండియాకి వచ్చేసినప్పుడు ఆయన వెనకాలే వేలమంది మంచుకొండలు దాటి వచ్చేరు. వాళ్లలో కొందరికి 1963లో ఇక్కడ భూములిచ్చి నిలబెట్టేరు. సెటిల్‌మెంటు మొత్తానికి ఫుంత్సోక్‌లింగ్ అని పేరు. జిరంగలో ఉన్న పెద్ద మఠం పద్మసంభవ మహావిహారం. దాన్ని 2010 జనవరిలో దలైలామాయే స్వయంగా వచ్చి ప్రారంభించేరు. చలికాలంలో మన ఊళ్లలో స్వెట్టర్ల కొట్టు పెట్టుకున్న టిబెటన్లని ఎక్కడినుంచి వచ్చేరని అడిగి చూడండి, చంద్రగిరి అనేవాళ్లు తగుల్తారు. నాకూ ఈ ఊరి పేరు అలాగే తెలిసింది.

మొదట మేం వెళ్లింది ఒక ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీలో, కిందటేడు డిసెంబరు నెలాఖర్లో. పేరు రాయను. 'ఒక్కరోజులో టిబెట్, మీ పిల్లలకి విదేశీ సంస్కృతి' అని వాట్సాప్‌లో రంగురంగుల కాగితం పంపించేరు. ఆ ఒక్కరోజులో సగం బండిలోనే గడిచిపోయింది. మఠం దగ్గర ముప్పావుగంట ఇచ్చేరు. అందులోనే 'టిబెటన్ డ్రెస్ ఫొటో'కి లైను. మనిషికి నూటయాభై అదనం, ఆ మాట ఎక్కేముందు ఎవరూ చెప్పలేదు. ఆ డ్రెస్సు చూసేక నాకు నవ్వాగలేదు. మెరిసే శాటిన్ గుడ్డ, వెనక వెల్క్రో పట్టీ, చంకల దగ్గర కుట్లు ఊడిపోయి పిన్నీసులు. స్కూలు యానివర్సరీలకి అద్దెకిచ్చే సరుకే తప్ప అది టిబెటన్లు కట్టుకునే చుబా అనే పొడుగు గౌను కాదు, చుబాకి చుట్టం కూడా కాదు. క్యాంపులోకి నడిచెళ్దామంటే ఇళ్లన్నీ తాళాలు. మా అప్ప కొడుకు "పిన్నీ, ఈ ఊర్లో మనుషులు లేరేటి?" అనడిగితే డ్రైవరు "టైమైపోతంది, తప్తపాణి కూడా చూడాలి కదా" అని హారను కొట్టేడు. తప్తపాణిలో వేడినీళ్ల గుండం ఉంది, బాగుంటుంది, కానీ టిబెట్ చూద్దామని బయల్దేరిన పిల్లలకి అది ఎందుకు?

ఇళ్లకి తాళాలెందుకున్నాయో తర్వాత తెలిసింది. చలికాలం వాళ్లకి వ్యాపారం కాలం. దసరా, దీపావళి అయ్యేక ఒక్కొక్కరూ లూధియానా వెళ్లి సరుకు తెచ్చుకుని, ఊరూరా స్వెట్టర్ల కొట్లు పెట్టుకుంటారు. జనవరి దాకా ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, బడికెళ్లే పిల్లలు, సన్యాసులు. అంటే డిసెంబరులో చంద్రగిరి వెళ్లడమంటే చంద్రగిరివాళ్లందరూ మన ఊరొచ్చిన వేళ మనం వాళ్ల ఊరికి పోవడమన్నమాట. ప్యాకేజీలు అమ్మేవాళ్లకి ఈ సంగతి తెలీదని నేననుకోను.

ఈ ఏడు దసరా సెలవుల్లో సొంతంగా వెళ్లేం. మా మరిది కారు, మా ఆయన, నేను, మా పెద్దది, చిన్నోడు, మా అప్ప కొడుకు. పెద్దది ఎనిమిదో తరగతి, అప్ప కొడుకు ఆరు, చిన్నోడు మూడు. వెళ్లే ముందు ఆదివారం పిల్లల్ని శాలిహుండం తీసుకెళ్లేను. ఈ సలహా ఎవరిచ్చినా ఇవ్వకపోయినా నేను మాత్రం ఇస్తాను: జిరంగకి ముందు శాలిహుండం చూపించండి. గార మండలంలో వంశధార ఒడ్డున కొండ, మెట్లెక్కితే ఇటుకల స్తూపాలు, బండిచక్రంలా ఆకులు పోసి కట్టిన పునాదులు. కింద మ్యూజియంలో బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాలున్నాయి. మారీచి పందులు లాగే రథం మీద తిరుగుతుందని చెప్తే చిన్నోడు ఆ బొమ్మ ముందు నుంచి కదల్లేదు. 1919లో ఈ చోటుని బయటపెట్టింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. ఆగస్టు 29న బడిలో దండేసే ఫొటో ఆయనదే అనేసరికి పెద్దదానికి ఆసక్తి పుట్టింది.

గిడుగువారి పేరు దార్లో మళ్లీ తగిలింది. నరసన్నపేట, సారవకోట, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి. ఆయన పాఠాలు చెప్పింది ఆ ఊళ్లోనే, సవరల భాష నేర్చుకుని వాళ్ల కోసం పుస్తకాలు రాసిందీ ఆ కొండల వాళ్లతో తిరిగే. పాతపట్నంలో నీలమణి దుర్గమ్మకి దణ్ణం పెట్టుకుని, పర్లాకిమిడిలో టిఫిన్ చేసేం. అక్కడ తెలుగు నడుస్తుంది. ఇడ్లీ పెట్టినాయన "ఏ ఊరమ్మా మీది?" అని మన యాసలోనే అడిగేడు. ఆర్.ఉదయగిరి వైపు ఘాటీ ఎక్కడం మొదలయ్యేక తెలుగు పల్చబడి ఒడియా, సవర మాటలు వినబడతాయి. కొండవాలుల్లో సవర గ్రామాలు, రోడ్డు పక్కన అల్లం, పసుపు ఆరబోసిన గుడ్డలు. మలుపులు ఎక్కువ, వాంతులయ్యే పిల్లలుంటే పర్లాకిమిడిలో పొట్ట నింపకండి. మా చిన్నోడు ఉదయగిరి చేరేలోపే రెండిడ్లీల లెక్క తేల్చేసేడు. చంద్రగిరి దగ్గర లోయలోకి దిగుతుంటే రెండు పక్కలా మొక్కజొన్న చేలు, వాటి మీద గాలికి కొట్టుకుంటున్న రంగు జెండాలు. మా ఆయన "టిబెట్ అని చెప్పి మొక్కజొన్న చూపిస్తన్నావేటి" అన్నాడు. ఆయన సణుగుడు సాయంత్రం దాకా సాగింది, అక్కడ టీ తాగేక ఇంకొంచెం పెరిగింది. ఆ టీ సంగతి తర్వాత.

మఠం గురించి పెద్దగా రాయను, ఫొటోలు ఎక్కడ పడితే అక్కడున్నాయి. ఎర్రటి స్తంభాలు, బంగారు రంగు చూరు, లోపల పెద్ద బుద్ధుడు. మీసాలతో, గుడ్లు విప్పార్చి చూసే విగ్రహం పద్మసంభవుడిది. ఎనిమిదో శతాబ్దంలో టిబెట్ వెళ్లి అక్కడ బౌద్ధం నిలబెట్టిన గురువని వాళ్లు కొలుస్తారు. అది సన్యాసులుండే చోటు, మ్యూజియం కాదు, ఎవరో వచ్చి వివరిస్తారని చూడకూడదు. కానీ తెల్లారి పూజ వేళకి వెళ్లి, గోడవార బాసింపట్టేసుక్కూర్చుంటే ఎవరూ లెమ్మనరు. మనిషి పొడుగుని మించిన బాకాలు ఊదినప్పుడు గచ్చు కింద నుంచి ఏదో వస్తున్నట్టుంటుంది. మా అప్ప కొడుకు రెండు చెవులూ మూసుకుని, మళ్లీ తీసి, మళ్లీ మూసుకున్నాడు.

నా చూపు ఆగింది మాత్రం విగ్రహాల ముందు వరసగా పెట్టిన ఇత్తడి గిన్నెల దగ్గర. ఏడు గిన్నెలు. ఒక కుర్ర సన్యాసి, పదిహేనేళ్లుంటాయేమో, కెటిల్లాంటి దాంతో వాటిల్లోకి నీళ్లు పోస్తున్నాడు. మొదట ఖాళీ గిన్నెలో చుక్క పోసి పెట్టేడు, పక్కనే రెండోది, మూడోది. గిన్నెకీ గిన్నెకీ మధ్య సందు అన్నింటికీ ఒకటే. బార్లీ గింజ పట్టేంత ఉండాలట, తగలకూడదు, దూరమూ కాకూడదు. అంచుకి కూడా గింజంత తక్కువగానే నింపాలి, పొర్లకూడదు. పొద్దున్న నింపినవి సాయంత్రం వంపేసి, తుడిచి బోర్లించాలి. రోజూ అదే పని. హుక్కులు కుట్టేటప్పుడు మధ్య ఎడం సమంగా రాలేదని నేను అరుస్తుంటే మా పెద్దది మొహం మాడ్చుకుంటుంది, ఇక్కడ మాత్రం ఆ అబ్బాయి చేతినే చూస్తూ నిలబడింది. నేనేమీ అనలేదు. అనాలనిపించింది గానీ.

పూజ అయ్యేక మెట్ల మీద చిన్న సన్యాసులు కొందరు నోటుపుస్తకాలు పట్టుకుని గట్టిగా వల్లిస్తున్నారు. క, ఖ, గ, ఙ. మా పిల్లలు ఉలిక్కిపడ్డారు. చిన్నోడు ఊరుకుంటాడా, "చ, ఛ, జ..." అని అందుకున్నాడు. ఆ పిల్లలు ఆగి, నవ్వి, "ఞ" అన్నారు. మనకి వరసకి ఐదైతే వాళ్లకి నాలుగే, ఘ, ఝ, ధ, భ లేవు. ట వర్గం అసలే లేదు. త, థ, ద, న, ప, ఫ, బ, మ దాకా ఇద్దరూ కలిసి పాడేరు. ఆ తర్వాత మావాళ్లు ఆగిపోయేరు, వాళ్లు చాప, జామల్లో మనం పలికే చ, జ లాంటి అక్షరాలు మొదలుపెట్టేరు. మొత్తం ముప్ఫై హల్లులు. పుస్తకం చూపిస్తే ఇంకో వింత, అక్షరం పైనా కిందా పెట్టే గుర్తులు నాలుగే: గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం. పక్కన నిలబడ్డ పెద్ద సన్యాసి హిందీలో చెప్పేరు: ఏడో శతాబ్దంలో వాళ్ల రాజు థోన్మి సంభోట అనే మంత్రిని ఇండియాకి చదువుకి పంపిస్తే, ఆయన ఇక్కడి లిపి చూసుకునే వాళ్ల లిపి తయారుచేసేడని వాళ్లు చెప్పుకుంటారట. సోషల్ పాఠంలో ఇది చదివితే మా పెద్దదానికి మర్నాటికి గుర్తుండదు. ఆ అరగంటలో మా అప్ప కొడుకు తన పేరు టిబెటన్ లిపిలో రాయించుకుని అరచేతిలో పెట్టుకున్నాడు. చెయ్యి కడుక్కోనని రాత్రి భోజనం దగ్గర పేచీ.

ఈ ఊరికి నేను మార్కులు వేసేది మఠానికి కాదు, మేం ఉన్న ఇంటికి. క్యాంపులో ఒక కుటుంబం రెండు గదులు అద్దెకిస్తారు. ఆ కోడలు చాలా ఏళ్లు విజయనగరం గంటస్తంభం దగ్గర స్వెట్టర్లు అమ్మిందట, తెలుగు గడగడా కాకపోయినా బేరానికి సరిపడా వచ్చు. మేం శ్రీకాకుళం వాళ్లమనగానే "మీ వైపు చలి తక్కువ, బేరం ఎక్కువ అక్కా" అంది. అబద్ధమేం కాదు. ఆమె అత్తగారు, ఎనభై దాటిన మనిషి, రోజంతా అరుగు మీద కూర్చుని చేతిలో మణిచక్రం, అంటే లోపల మంత్రాలుండే ప్రార్థన చక్రం, తిప్పుతూనే ఉంది. గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. చిన్నోడు ఎదురు తిప్పితే ఏమీ అనకుండా వాడి మణికట్టు పట్టుకుని ఇటు మళ్లించింది.

కోడలు కట్టుకున్నది అసలు చుబా. చేతుల్లేని పొడుగు గౌను, లోపల పొడుగుచేతుల జాకెట్టు. డార్టు లేదు, జిప్పు లేదు. రెండు పక్కలా వదులుగా వదిలేసిన గుడ్డని వెనక్కి మడతేసి నడుం దగ్గర తాడుతో కట్టేస్తే ఒంటికి సరిగ్గా కుదిరిపోయింది. లావెక్కినా, చిక్కినా, కడుపుతో ఉన్నా అదే గుడ్డ, విప్పి కట్టుకోవడమే. మా కస్టమర్లకి ఇది అలవాటు చేస్తే ఆల్టరేషన్ డబ్బులు నాకుండవు. పెళ్లయిన ఆడవాళ్లు దాని ముందు రంగురంగుల చారల గుడ్డ కట్టుకుంటారు, పంగ్‌దెన్ అంటారు. దాన్ని చేతిలోకి తీసుకుంటే మూడు సన్న పన్నాలు నిలువుగా కలిపి కుట్టి ఉన్నాయి. అడ్డ చారలు ఒక పన్నాకీ పక్క పన్నాకీ కలవలేదు. మా షాపులో చారల గుడ్డకి చారకి చార కలపకపోతే బ్లౌజు నా మొహాన కొడతారు. "ఇదేటి, తప్పు కుట్టేరా?" అని అడిగేశాను. కోడలు నవ్వి అత్తగారికి చెప్పింది, ఆవిడ ఇంకా నవ్వింది. కావాలనే కలపరట. సన్న మగ్గం మీద ఒకటే పొడుగు పట్టీ నేసి, మూడు ముక్కలు కోసి, చారలు ఎక్కడివక్కడ తప్పించి కుడతారు. కలిసిపోతే చూడ్డానికి ఏముంటుంది అని ఆవిడ ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. ఫొటోల కోసం ఆ శాటిన్ గుడ్డ కప్పినవాళ్లు ఈ ఒక్క పంగ్‌దెన్ పిల్లల చేతికిచ్చి ఉంటే చాలు.

పిల్లలు కూర్చున్న బల్ల మీద పరిచిన చిన్న తివాచీ సంగతీ అంతే. మగ్గం మీద అడ్డంగా ఒక ఇనుప కడ్డీ పెట్టి, ఉన్నిదారం దాని చుట్టూ చుట్టుకుంటూ నేసి, వరస అయ్యేక కడ్డీ మీద కత్తితో కోస్తే ముడులన్నీ విచ్చుకుంటాయట. ఆవిడ నా టేపు తీసుకుని, పెన్సిలు చుట్టూ చుట్టి చూపించింది.

మోమోలు మాచేతే చేయించింది కోడలు. మైదా ముద్ద, కేబేజీ, ఉల్లిపాయ, అల్లం. ఇక్కడొక మాట, వాళ్లు బీఫు, పోర్కు కూడా తింటారు, హోటళ్లలో పెడతారు. తిననివాళ్లు ముందే అడిగి చెప్పించుకోండి, మొహమాటపడకండి, వాళ్లేమీ అనుకోరు. కుచ్చిళ్లు పెట్టడంలో నాకు వంక పెట్టేవాళ్లు లేరనుకునేదాన్ని. నా మోమో చూసి పెద్దావిడ తల అడ్డంగా ఊపి విప్పేసింది. మా పెద్దది చేసింది మాత్రం నిలబెట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ గుంట ముందు నా మాట చెల్లడం లేదు.

ఇక టీ. వెన్న, ఉప్పు వేసి గిలక్కొట్టిన టీ. పూర్వం పొడుగాటి కర్ర గొట్టంలో చిలికేవారట, ఇప్పుడు మిక్సీ. మా ఆయన ఒక్క గుక్క తాగి, గ్లాసు నా వైపు జరిపి, కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చున్నాడు. పిల్లలు మాత్రం ముగ్గురూ తాగేరు, ఎందుకంటే అందులో సంపా కలుపుకోవచ్చు. వేయించిన బార్లీ పిండి అది. గిన్నెలో కాస్త టీ పోసుకుని, పిండి వేసుకుని, వేళ్లతో తిప్పుతూ ముద్ద చేసుకుని తినడమే. మా అత్తగారు చోడిపిండి ముద్ద చేసే తీరు గుర్తొచ్చింది నాకు. మంచుకొండల మీద పొయ్యి రాజేసే అవకాశం లేనప్పుడు ఇదే తిండి, సంచిలో పిండి ఉంటే చాలు అని కోడలు చెప్పింది. ఇక్కడి వేడికి బార్లీ పండదు, అందుకే వీళ్లు మొక్కజొన్నకి వచ్చేరు. అత్తగారు ఇక్కడికి వచ్చేసరికి అంతా అడవేనట. ఎండ తట్టుకోలేక, దోమలకి, జ్వరాలకి చాలామంది పోయేరని ఆవిడ చెప్తే కోడలు తెలుగులోకి తిప్పింది. కొండలు దాటేటప్పుడు ఆవిడకి మా పెద్దదాని వయసు.

అప్పుడే మా అప్ప కొడుకు అడిగేడు, "పిన్నీ, అట్లాసులో టిబెట్ దేశం ఏదీ? చైనా అనే ఉంటాది కదా." నేను గొంతు తగ్గించమన్నాను గానీ కోడలు వినేసింది. కోపం రాలేదు. గోడ మీద దలైలామా ఫొటో పక్కనున్న జెండా చూపించింది. మంచుకొండ, దాని వెనక సూర్యుడు, చుట్టూ ఎరుపూ నీలం కిరణాలు, ముందు రెండు మంచు సింహాలు. "మీ పుస్తకంలో లేదు, మా ఇంట్లో ఉంది" అంది. తన దగ్గర రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు ఉంటుందని, అది ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలని, కొడుకు బెంగళూరులో చదువుతున్నాడని, ఊళ్లో కుర్రాళ్లు చాలామంది బయటికే పోతున్నారని చెప్పింది. వాడు ఇంకో పది ప్రశ్నలు వేసేడు. సైనికులు వచ్చేరా, మీకు టిబెట్‌లో ఇల్లుందా, మళ్లీ వెళ్తారా. కొన్నింటికి చెప్పింది, కొన్నింటికి టీ పోసింది.

చేల మీద కనబడ్డ రంగు జెండాల గురించి కూడా ఆ ఇంటి దగ్గరే తెలిసింది. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఎప్పుడూ ఇదే వరస: ఆకాశం, గాలి, నిప్పు, నీరు, నేల. పల్చటి గుడ్డ మీద మంత్రాలు అచ్చువేసి ఉంటాయి. చిరిగి, వెలిసిపోయినవి అలాగే వదిలేసేరెందుకని చిన్నోడి సందేహం. గాలికి ఆ అక్షరాలు కొట్టుకుపోవాలనే కడతారట. కొత్తవి ఎక్కువగా లోసార్‌కి, అంటే వాళ్ల సంవత్సరాదికి కడతారు. నేలమీద మాత్రం పడేయకూడదు. ఇది పిల్లలకి ముందే చెప్పండి, కొనుక్కున్న జెండాలు కారులో కాళ్ల కింద వేసుకుని తొక్కకుండా.

కొట్ల సంగతి క్లుప్తంగా. ఊలు సాక్సు బాగున్నాయి. ముత్యాలు, పగడాలు అని చెప్పే దండలు నాకు నచ్చలేదు, అలాంటివి మన దగ్గరా దొరుకుతాయి. ఒక కొట్లో థంకాలు, అంటే గుడ్డ మీద వేసిన బౌద్ధ దేవతల బొమ్మలు, వేలాడదీసేరు. ఆకుపచ్చ ఒంటితో కూర్చున్న దేవతని చూపించి పెద్దది పేరడిగితే కొట్టాయన "తార" అన్నాడు. "మన శాలిహుండం తారే!" అని అది అరిచింది. ఆయనకి శాలిహుండం తెలీదు. అక్కడినుంచి ఆయనకి ఫోన్లో ఫొటోలు చూపించి, వంశధార ఎక్కడుందో, కొండ ఎక్కడుందో చెప్పడం మొదలుపెట్టింది. నేర్పడానికి తీసుకొచ్చిన పిల్ల అక్కడ నిలబడి ఇంకొకరికి నేర్పుతోంది. థంకా ధర వినేక మాత్రం ఇద్దరం బయటికొచ్చేశాం.

చంద్రగిరి టిబెటన్ కుక్కలకి పేరు. ఎలుగుబంట్లలాంటి మాస్టిఫ్‌లు, కళ్ల మీద జుట్టు పడే ఆప్సోలు. కుక్కపిల్లలు అమ్ముతారు, అది మనసులో పెట్టుకుని ఆ వీధుల్లోకి తీసుకెళ్లండి. మా చిన్నోడి ఏడుపు పర్లాకిమిడి దాకా ఆగలేదు. అయినా ఆ ఒత్తు జుట్టుతో ఆ కుక్క మన మే నెల ఎండకి ఏమైపోతుంది?

లోటు లేదని కాదు. ఫోన్ సిగ్నలు కొండల్లో పోతూ వస్తూ ఉంటుంది, డబ్బు చేతిలో ఉంచుకోండి. బోర్డులు టిబెటన్, ఒడియా, ఇంగ్లీషుల్లోనే. హిందీ వచ్చినవాళ్లు ఒకరైనా వెంట ఉంటే సుఖం, లేకపోతే సగం సంగతులు సైగలతోనే పోతాయి. దార్లో శుభ్రమైన బాత్రూములు తక్కువ, ఆడపిల్లలతో వెళ్లేవాళ్లు పర్లాకిమిడిలోనే చూసుకోవాలి. థుక్పా అంటే నూడుల్స్ పులుసు, కారం అలవాటున్న మన నోటికి చప్పగా ఉంటుంది. బల్ల మీద ఎర్ర మిరప చట్నీ పెడతారు, అడిగి వేసుకోండి. అయిదేళ్ల లోపు పిల్లలకి ఈ ప్రయాణం దండగ, ఘాటీకి ఏడుస్తారు, గుర్తూ ఉండదు. ఆరో తరగతి నుంచి పైకి అయితే సరైన వయసు, ప్రశ్నలు అడగడానికి సిగ్గూ ఉండదు, వినడానికి ఓపికా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఎప్పుడు వెళ్తారన్నది. నవంబరు నుంచి జనవరి దాకా మఠం తప్ప మనుషులు దొరకరు. దసరా సెలవులైతే ఇళ్ల నిండా మనుషులు, వసారాల్లో మొక్కజొన్న కండెలు, ఘాటీ కూడా పచ్చగా ఉంటుంది. లేదంటే ఫిబ్రవరిలోనో మార్చిలోనో వచ్చే లోసార్. స్వెట్టర్లకి పోయినవాళ్లంతా అప్పటికి తిరిగొస్తారు. వాళ్లది చంద్రుడి లెక్క కాబట్టి తేదీ ఏటేటా మారుతుంది, ముందే కనుక్కుని గది చెప్పుకోండి. మేం ఉన్న ఇంటి కోడలు రమ్మంది. పరీక్షలు దగ్గరపడతాయని మా ఆయన గొణుగుతున్నాడు. పెద్దది అప్పుడే క్యాలెండరులో చూసి పెట్టుకుంది.